సూర్యుడు అస్తమించకముందే



మన ఊళ్లలో ఒక మాట ఉంది. తగాదాలో ఎవరైనా కాస్త సర్దుకొని పోతే, "వాడు వెనక్కి తగ్గాడు" అంటారు. ఆ మాట పడటం కంటే కోర్టు ఖర్చులు పడటమే మేలనుకొనేవారు మన మధ్య చాలామంది ఉన్నారు. "వెనుకడుగు వేసే వంశం కాదు మాది" అని మీసం తిప్పేవారు కూడా ఉన్నారు, ఆదివారం ఆరాధనకు ముందు వరుసలో కూర్చొనేవారిలో సైతం!

ఇతరులను అనడం ఎందుకు? మేమే అన్నాము. పన్నెండేళ్లు అంటూ వచ్చాము. అది తప్పని మా అయ్యగారు ఎన్నో ప్రసంగాలలో చెప్పారు, మా చెవికెక్కలేదు. చివరకు దేవుడు మమ్మల్ని సముద్రాలు దాటించి, పరాయి దేశంలో, సైనికుల బ్యాండు ముందు కూర్చోబెట్టి ఆ పాఠం చెప్పాడు. ఈ నెల ఆ సంగతి మీతో చెప్పుకొందామని అనుకొన్నాము.

కొన్నేళ్ల క్రితం మా అబ్బాయికి లండనులో ఉండగా ఆడపిల్ల పుట్టింది. కోడలికి సాయంగా ఉండటానికి మేమిద్దరం వెళ్లి ఆరు నెలలు ఆ పట్టణంలోనే కాపురమున్నాము. పొలం, పశువులు, పొద్దున్నే పలుకరించే ఇరుగుపొరుగు, ఇవేవీ లేని చోట రోజు గడవడం కష్టం. అబ్బాయి, కోడలు మమ్మల్ని బాగానే చూసుకొన్నారు. అయినా సాయంత్రమయ్యేసరికి మనస్సు ఊరి మీదికి పోయేది. పైగా అక్కడ వేసవిలో సాయంత్రమే కాదు! రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది. దీపాలు పెట్టే వేళ ఎప్పుడో తెలియక మా ఇంటావిడ కిటికీ దగ్గర నిలబడి, "ఈ దేశంలో సూర్యుడికి ఇంటికి పోవాలని ఉండదా?" అనేది.

జూన్ నెలలో ఒకనాడు అబ్బాయి వచ్చి, "నాన్నా, రేపు మిమ్మల్ని బీటింగ్ రిట్రీట్‌కు తీసుకొని వెళతాను. టికెట్లు తెచ్చాను. తాతయ్య మిలటరీలో చేశారు కదా, మీకు నచ్చుతుంది" అన్నాడు. కోడలు, పాప ఇంట్లో ఉండిపోగా మేము ముగ్గురం బయలుదేరాము.

అది జరిగే స్థలం పేరు హార్స్ గార్డ్స్ పరేడ్. వైట్‌హాల్ అనే ప్రభుత్వ కార్యాలయాల వీధికి వెనుకవైపున, సెయింట్ జేమ్స్ పార్కుకు ఎదురుగా ఉన్న విశాలమైన మైదానం. గడ్డి ఉండదు, అంతా సన్నని కంకర. మూడువైపుల మెట్ల వరుసలుగా కుర్చీలు వేశారు. మైదానానికి ఎదురుగా, రోడ్డు అవతల ఒక స్మారకం ఉంది. అందులో అయిదుగురు సైనికుల కంచు బొమ్మలు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన గార్డ్స్ సైనికుల జ్ఞాపకార్థం 1926లో దానిని కట్టారట. ఆ బొమ్మలకు వాడిన కంచు ఆ యుద్ధంలో జర్మనులనుండి పట్టుకొన్న ఫిరంగులను కరిగించి తీసినది. కత్తులను నాగటి నక్కులుగా సాగగొట్టే దినం గూర్చి యెషయా ప్రవక్త చెప్పినది మాకు గుర్తుకు వచ్చింది. ఫిరంగి కరిగి మళ్లీ సైనికుడి బొమ్మే అయ్యింది గాని నాగలి కాలేదు. లోకం ఇంకా అంతవరకు రాలేదు సుమా అనుకొన్నాము.

ఎనిమిది గంటలకు కార్యక్రమం మొదలయ్యేటప్పటికి చక్కని ఎండ ఉంది. దూరంగా డ్రమ్ముల చప్పుడు వినిపించింది. తరువాత ఎర్రకోట్లు, ఎలుగుబంటి బొచ్చుతో చేసిన పొడవాటి నల్లటోపీలు కనిపించాయి. మన ఊరి పెండ్లి బ్యాండులో పదిమంది ఉంటే గొప్ప. అక్కడ వందల మంది ఒక్కటిగా నడుస్తూ వాయిస్తున్నారు. ముందు నడిచే డ్రమ్ము మేజర్లకు బంగారు జరీతో కుట్టిన నిలువుటంగీలు. పెద్ద డ్రమ్ము మోసేవారి ఛాతీల మీద చిరుతపులి చర్మం. అంత పెద్ద గుంపు మైదానం చివరికి వచ్చి, ఒకరినొకరు తగలకుండా, వాయిద్యం ఆపకుండా, మొత్తంగా వెనుకకు తిరిగి నడుస్తుంటే ఊపిరి బిగబట్టి చూశాము.

మా పక్కన కోటు మీద పతకాలు పెట్టుకొన్న ఒక వృద్ధుడు కూర్చొన్నాడు. ఒకప్పుడు సైన్యంలో పనిచేసినవాడట. మా ఆసక్తి చూసి అబ్బాయితో ఒక్కొక్కటే చెప్పసాగాడు, అబ్బాయి మాకు తెలుగులో చెప్పాడు. అక్కడ కాలినడకన నడిచే గార్డ్స్ దళాలు అయిదు: గ్రెనడియర్, కోల్డ్‌స్ట్రీమ్, స్కాట్స్, ఐరిష్, వెల్ష్. అందరివీ ఎర్రకోట్లే అయినా బొత్తాలు చూసి ఎవరు ఎవరో పోల్చవచ్చు. గ్రెనడియర్ల బొత్తాలు ఒక్కొక్కటిగా, కోల్డ్‌స్ట్రీమ్ వారివి రెండేసి, స్కాట్స్ వారివి మూడేసి, ఐరిష్ వారివి నాలుగేసి, వెల్ష్ వారివి అయిదేసి చొప్పున ఉంటాయి.

గుర్రాల మీద వచ్చే బ్యాండు వేరు. అందులో అన్నిటికంటే పెద్ద గుర్రాలకు రెండువైపుల రెండు వెండి నగారాలు వేలాడుతుంటాయి. రౌతుకు రెండు చేతులూ వాటిని కొట్టడానికే సరిపోతాయి కనుక కళ్లేలను పాదాలతో నడుపుతాడు! వెండి అనగానే మాకు సంఖ్యాకాండము పదవ అధ్యాయం తలపుకు వచ్చింది. అరణ్యంలో మోషే చేయించిన బూరలు రెండు, అవి కూడా వెండివే. సమాజాన్ని కూర్చుటకు ఒక ధ్వని, పాళెము కదలుటకు ఒక ధ్వని. యుద్ధానికే కాదు, పండుగకు, బలులకు కూడా అవే బూరలు.

ఇంతలో ఫిరంగులు పేలాయి. మా ఇంటావిడ ఉలిక్కిపడి, "పాపను తేకపోవడం మంచిదయ్యింది. ఏమండీ, మనుష్యులను చంపే వస్తువులను చూడటానికి ఇంత డబ్బు పెట్టి వచ్చామా?" అన్నది. ఆ ప్రశ్న మా మనస్సులోనూ ఉంది. సమాధానకర్త అయిన ప్రభువును వెంబడించేవారికి సైన్యపు ఆడంబరం చూసి ఎంతవరకు మురిసిపోవచ్చు? అబ్బాయి ఆ మాట పక్కనున్న వృద్ధునితో అన్నాడు. ఆయన నొచ్చుకోలేదు. బ్యాండువారిని చూపించి, "యుద్ధం వచ్చినప్పుడు వీళ్ల పనేమిటో తెలుసా? వాయిద్యాలు పక్కనపెట్టి, గాయపడినవారిని స్ట్రెచర్ల మీద మోసుకొని రావడం. మా కాలంలో అదే వారి రెండవ పని" అన్నాడు. ఆ మాటతో మా చూపు మారింది. బూర ఊదే ఆ చేతులు క్షతగాత్రులను ఎత్తిన చేతులు కూడా అన్నమాట.

తరువాత ఆయన "రిట్రీట్" అనే మాటకు అర్థం చెప్పాడు. అదే మాకు ముఖ్యమైన సంగతి.

పూర్వకాలంలో యుద్ధాలు పగటివేళ జరిగేవి. చీకటి పడితే ఎవరు తనవాడో ఎవరు పగవాడో తెలియదు కనుక పోరు ఆపి దండులోకి తిరిగి వచ్చేవారు. కోట ఉన్న పట్టణాలలో సాయంకాలం డ్రమ్ములు కొట్టేవారు వీధుల వెంట తిరిగేవారు. ఆ చప్పుడు వినగానే బయట తిరిగే సైనికులు వెనక్కి రావాలి. తరువాత కోట తలుపులు మూసేవారు, రాత్రి కావలివారిని నిలిపేవారు. గడియారాలు అందరికీ లేని రోజులలో ఆ డ్రమ్మే గడియారం. 17వ శతాబ్దంలోనే ఇంగ్లండు సైన్యంలో ఈ వాడుక ఉన్నది. బయటనే ఉండిపోయినవాడికి డ్రమ్ము ఆగిన తరువాత తలుపు తెరుచుకోదు.

దీనికి తోబుట్టువు వంటిది మరొకటి ఉంది. దానిని "టాటూ" అంటారు. ఒంటిమీద పొడిపించుకొనే పచ్చబొట్టు కాదు సుమండీ! నెదర్లాండ్స్ దేశపు భాషలో "పీపా కొళాయి కట్టేయండి" అనే అర్థమిచ్చే మాటలనుండి అది వచ్చింది. రాత్రివేళ డ్రమ్ము వినగానే సారా అంగళ్లవారు పీపాల కొళాయిలు కట్టేసి సైనికులను బసలకు పంపేవారు. మన ఊళ్లలో కూడా సాయంత్రం ఎవరైనా డ్రమ్ము కొట్టి బెల్టుషాపులు మూయిస్తే ఎన్ని కుటుంబాలు బాగుపడతాయో కదా అని మా ఇంటావిడ నిట్టూర్చింది.

ఆ వృద్ధుడు చివరగా, "రిట్రీట్ అంటే ఓడిపోయి పరుగెత్తడమని చాలామంది అనుకొంటారు. కాదు. పగటి పని ముగిసింది, ఇంటికి రమ్మని పిలుపు" అన్నాడు.

ఆ మాట వినగానే మేము ఉలిక్కిపడ్డాము, ఫిరంగికి కూడా అంతగా ఉలిక్కిపడలేదు. ఎందుకంటే ఆ మాట అంతకుముందే విన్నాము. అక్షరం పొల్లుపోకుండా మా నాన్నగారి నోట విన్నాము.

మా నాన్నగారు 1942లో మద్రాసు సాపర్ల దళంలో చేరి, బెంగుళూరులో శిక్షణ పొంది, యుద్ధం చూసి వచ్చినవారు. మన సైన్యపు శిబిరాలలో సూర్యాస్తమయ వేళ బ్యూగిల్ ఊది జెండా దించుతారు. ఎవరు ఎక్కడున్నవారు అక్కడే నిటారుగా నిలబడతారు. ఉద్యోగం మాని ఊరు వచ్చిన తరువాత కూడా నాన్నగారికి ఆ అలవాటు పోలేదు. బ్యూగిల్ ఎక్కడిది? చేతులు రెండూ నోటి దగ్గర దొప్పలా పెట్టుకొని, వీధి అరుగు మీద నిలబడి, "రిట్రీటు అయ్యింది! ఇంటికి రండి!" అని కేకవేసేవారు. చెరువు గట్టున ఆడుకొంటున్న మేము నలుగురం ఎక్కడివక్కడ పారేసి పరుగెత్తేవాళ్లము. మావి మాత్రమేనా? ఆ కేకకు మా పేటలో పిల్లలందరూ ఇళ్లకు చేరేవారు.

కాళ్లు కడుక్కొని చాప మీద కూర్చొన్నాక నాన్నగారు తలలు లెక్కపెట్టేవారు. ఒకరు తక్కువైతే కుటుంబ ప్రార్థన మొదలయ్యేది కాదు. ఆ పగలు అన్నదమ్ములం మేము కొట్టుకొని ఉంటే, లాంతరు వెలిగించకముందే ఒకరి చేయి ఒకరు పట్టుకోవాలి. "వాడే ముందు కొట్టాడు" అంటే వినేవారు కాదు. "ఎవడు ముందు కొట్టాడో నాకక్కరలేదు. ఎవడు ముందు వెనక్కి వస్తాడో అది చెప్పండి" అనేవారు. ఎఫెసీ పత్రిక నాలుగవ అధ్యాయంలో, కోపం నిలిచి ఉండగా సూర్యుణ్ణి అస్తమించనీయవద్దని పౌలు భక్తుడు హెచ్చరించిన మాటను ఆయన మాకు వల్లెవేయించలేదు, చేయించారు.

అలా పెంచిన తండ్రి ప్రభువునందు నిద్రించిన కొన్నేళ్లకే మా అన్నగారికీ మాకూ మాటలు లేకుండా పోయాయి. కారణం చెప్పడానికి సిగ్గుగా ఉంది. గట్టు తగాదా! రెండు పొలాల మధ్య గట్టు వానకు తెగితే తిరిగి వేసినప్పుడు మా వైపు రెండు సెంట్లు జరిగిందని మా వాదన. గట్టు ఉన్నచోటనే ఉందని ఆయన వాదన. సర్వేయరు వచ్చాడు, గొలుసు పట్టాడు, పెద్దమనుష్యులు కూర్చొన్నారు. నేల ఎవరిదో తేలలేదు గాని నోళ్లు మాత్రం తేలాయి. ఆ రోజే మేము "వెనుకడుగు వేసేది లేదు" అన్నాము.

చర్చి ఒక్కటే. ఆయన ముందు వరుసలో కూర్చొంటే మేము వెనుక వరుసకు మారాము. ఆయన ప్రభు భోజనము తీసుకొన్న నెలలో మేము ఏదో నెపంతో ఊరికి వెళ్లేవాళ్లము. బలిపీఠము నొద్ద అర్పణ విడిచి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు కొండమీద చెప్పినది మాకు తెలియక కాదు. మేము ఇంకొకరికి ఆ వాక్యం బోధించినవారమే. పండుగలు వచ్చాయి, పెండ్లిండ్లు జరిగాయి. వదినగారు మా ఇంటావిడతో చాటుగా మాట్లాడేది. అన్నదమ్ములం మాత్రం పన్నెండేళ్లు ఎదురెదురు వీధులలో నడిచాము. పన్నెండేళ్లు అంటే ఎన్ని సూర్యాస్తమయాలో లెక్కవేసుకోండి, నాలుగు వేలు దాటుతాయి.

ఇదంతా మనస్సులో తిరుగుతుండగా మైదానంలో ఆర్భాటం తగ్గింది. ఎండ భవనాల పైకప్పులకు ఎక్కింది. బ్యాండువారు నిశ్చలంగా నిలబడి సాయంకాలపు కీర్తన ఒకటి మెల్లగా ఎత్తుకొన్నారు. "అబైడ్ విత్ మీ" కీర్తన రాగమది. మా నాన్నగారికి ఎంతో ఇష్టమైన రాగం. ఆయన సమాధి కార్యక్రమంలో మిషను కాలంనాటి ముసలి ఉపదేశి ఒకరు దానినే వాయించారు. ఆనాడు మా అన్నగారు, మేము ఒకే పాడెకు భుజం పట్టి ఉన్నాము.

ఆ కీర్తన చరిత్ర మీలో కొందరికి తెలిసే ఉంటుంది. వ్రాసినవారు హెన్రీ ఫ్రాన్సిస్ లైట్ అనే పాదిరి. ఇంగ్లండుకు దక్షిణాన బ్రిక్స్‌హామ్ అనే జాలరుల ఊరిలో ఇరవై ఏళ్లకు పైగా సేవచేశారు. క్షయవ్యాధితో కృశించి, చలి తట్టుకోలేక వెచ్చని దేశానికి బయలుదేరి, 1847 నవంబరులో ఫ్రాన్సు సముద్రతీరాన నీస్ పట్టణంలో కన్నుమూశారు. ఇప్పుడు అందరూ పాడే రాగాన్ని 1861లో విలియం హెన్రీ మాంక్ కట్టారు. ఎమ్మాయు గ్రామానికి నడిచిన ఇద్దరు శిష్యులు, ప్రొద్దు గ్రుంకుతున్నది, మాతో ఉండుమని ప్రభువును బలవంతపెట్టిన సంగతి లూకా సువార్త చివరి అధ్యాయంలో ఉంది కదా, ఆ కీర్తనకు వేరు అదే.

మన ఢిల్లీలో కూడా రిపబ్లిక్ దినోత్సవాల ముగింపుగా జనవరి 29న విజయ్ చౌక్‌లో బీటింగ్ రిట్రీట్ జరుగుతుంది. గాంధీ మహాత్మునికి ప్రియమైన ఈ రాగాన్ని అక్కడ ఎన్నో ఏళ్లు వాయించారు. 2022లో కార్యక్రమంనుండి దానిని తీసివేశారు. అప్పుడు మన సంఘాలలో చాలామంది బాధపడ్డారు, మేమూ బాధపడ్డాము. కాని ఒకటి చెప్పాలి. ఆ రాగం విజయ్ చౌక్‌లో మ్రోగుతున్న సంవత్సరాలన్నిటిలో టీవీ ముందు కూర్చొని విని మురిసినవారమే మేము. పక్క వీధిలో ఉన్న అన్నను మాత్రం పలుకరించలేదు. ప్రభువా, మాతో ఉండుమని పాడుకొంటూ, సహోదరునితో ఉండమని మొండికేసినవారికి ఆ రాగం ఉంటే ఏమి, లేకపోతే ఏమి?

కీర్తన ముగిసింది. బ్యూగిల్ ఒక్కటి మ్రోగింది. పక్కనున్న వృద్ధుడు లేచి నిటారుగా నిలబడ్డాడు. మేమూ లేచాము. ఆ బ్యూగిల్‌లో మాకు నాన్నగారి కేకే వినిపించింది. చాప మీద తలలు లెక్కపెడుతున్నారు. ఒకరు తక్కువ.

ఇంటికి వస్తుండగా దారిలో ఎవరమూ మాట్లాడలేదు. ఇల్లు చేరాక మా ఇంటావిడే, "బావగారికి ఫోను చేయండి" అన్నది. గడియారం చూస్తే రాత్రి పది. మన దేశంలో వేళ నాలుగున్నర గంటలు ముందు, అంటే అక్కడ తెల్లవారుజామున రెండున్నర. ఆ వేళకు ఫోను మ్రోగితే ఏ చావు కబురో అని హడలిపోతారు. సూర్యుడు అస్తమించకముందే సమాధానపడమన్న మాట ఆ రోజుకు కూడా మీరిపోయింది! కుర్చీలోనే కూర్చొని ప్రార్థన చేసుకొంటూ మేలుకొని ఉన్నాము. ఒంటిగంటకు, మన ఊరిలో అయిదున్నరకు, పాలు పితకడానికి అన్నగారు లేచే వేళకు ఫోను చేశాము.

వదినగారు తీసి, గొంతు గుర్తుపట్టి, ఏమీ అనకుండా ఫోను ఆయన చేతికిచ్చింది.

"అన్నయ్యా, నేను" అన్నాము. అంతకుమించి మాట రాలేదు. సిద్ధం చేసుకొన్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి.

అటునుండి కూడా చాలాసేపు మాట లేదు. చివరకు, "అక్కడ ఇప్పుడు అర్ధరాత్రి కదరా. ఇంకా పడుకోలేదా?" అన్నారు.

చదువరులారా, ఇరవై ఏళ్లు పరాయిదేశంలో ఉన్న యాకోబు తిరిగి వస్తూ అన్నకు భయపడి, మందలను ముందు పంపి, ఏడుమార్లు సాగిలపడ్డాడు. ఏశావు ఆ కానుకల కోసం చూడలేదు, పరుగెత్తి వచ్చి మెడమీద పడి ముద్దుపెట్టుకొన్నాడు. ఆదికాండము 33వ అధ్యాయం మేము ఎన్నోసార్లు చదివాము. ఆ తెల్లవారుజామున దానిని చెవితో విన్నాము.

"రిట్రీటు అయ్యిందన్నయ్యా" అన్నాము. ఆయనకు వెంటనే అర్థమయ్యింది. ఫోనులో ఏడ్పు వినిపించింది, మాది ఏదో ఆయనది ఏదో చెప్పలేము.

సెప్టెంబరులో ఊరికి తిరిగి వచ్చాము. బస్సుస్టాండుకు ఆయనే వచ్చారు. మరునాడు ఇద్దరం పొలానికి వెళ్లి గట్టు మీద కూర్చొన్నాము. "కావాలంటే రెండు సెంట్లు జరిపించుకోరా" అన్నారు. "గట్టు ఉన్నచోటే ఉండనీ" అన్నాము. అది ఇప్పటికీ అక్కడే ఉంది. నిజంగా అది జరిగిందో లేదో మాకు నేటికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. కాపరుల మధ్య కలహం వచ్చినప్పుడు పెద్దవాడైన అబ్రాహామే లోతుకు కోరుకొనే హక్కు ఇచ్చాడు. ఇచ్చినందువల్ల అతనికి తక్కువైనదేమీ లేదు. ఆ నెల మొదటి ఆదివారం ఒకే వరుసలో మోకరించి ప్రభు భోజనము తీసుకొన్నాము.

ఆ తరువాత ఏడాదిన్నరకు మా అన్నగారు ప్రభువు పిలుపు అందుకొన్నారు. ఆ ఏడాదిన్నర దేవుడు మాకిచ్చిన దానం. అందుకు స్తోత్రము. కాని మేము పారవేసుకొన్న పన్నెండేళ్లను ఎవరూ తిరిగి ఇవ్వలేరు. క్షమాపణ దొరికింది, కాలం దొరకలేదు. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం అదే.

ఆ మైదానంలో చూసినది మహా వైభవంగా ఉంది. అయితే ఇప్పుడు ఆ డ్రమ్ము విని కోటలోకి పరుగెత్తేవారు లేరు, మూసే కోట తలుపులూ లేవు. పిలుపు పోయి వేడుక మిగిలింది. సైన్యానికి అది తప్పు కాదు. కాని మన సంఘాలలో, మన ఇండ్లలో అలా జరగకూడదు. గంట మ్రోగుతుంది, మనం వెళతాము. కీర్తన పాడతాము, రాగం బాగుందంటాము. ప్రభు భోజనము వరుసలో నిలబడతాము. పిలుపు మాత్రం వినము. సాయంత్రం టీవీలో సీరియలు మొదలయ్యే వేళ, ఎవరి సెల్‌ఫోను వారి చేతిలో ఉన్న వేళ, మన ఇంట్లో తలలు లెక్కపెట్టేది ఎవరు? ఎవరు తక్కువైనారో చూసేది ఎవరు?

తండ్రులారా, తల్లులారా, సాయంకాలం ఒక్క పావుగంట పిల్లలను చాప మీద కూర్చోబెట్టండి. పెద్ద ప్రసంగం అక్కరలేదు. ఒక కీర్తన, ఒక వాక్యం, ఒక ప్రార్థన చాలు. ఆ రోజు పోట్లాడుకొన్నవారు ఒకరి చేయి ఒకరు పట్టుకొనేలా చూడండి. మీరు చనిపోయిన ఎన్నో ఏళ్లకు, ఏ దూరదేశంలోనో, ఆ పావుగంట మీ పిల్లలను వెనక్కి పిలుస్తుంది. మా నాన్నగారి కేక మమ్మల్ని అలాగే పిలిచింది.

మాటలు లేని అన్నదమ్ములారా, తోడికోడండ్రారా, అత్తాకోడండ్రారా, ఎవరు ముందు కొట్టారన్నది ఇక వదిలిపెట్టండి. ఎవరు ముందు వెనక్కి వస్తారన్నదే చూడండి. వెనుకడుగు అనే మాటకు భయపడవద్దు. తప్పిపోయిన కుమారుడు వేసినవన్నీ వెనుకడుగులే. ప్రతి అడుగూ తండ్రి ఇంటి వైపే పడింది. కడబూర మ్రోగే దినం ఒకటి ఉంది. దాని వేళ మన చేతిలో లేదు. నేటి సాయంకాలం మాత్రం మన చేతిలో ఉంది.

ఈ పత్రిక మీ చేతికి వచ్చిన రోజున ప్రొద్దు ఇంకా గ్రుంకకపోతే, చదవడం ఇక్కడితో ఆపి, లేచి ఆ గడప దాకా వెళ్లి రండి.

ప్రభువు చిత్తమైతే వచ్చే నెల మళ్లీ కలుసుకొందాము.